మా పాప క్లాసులో పక్కమ్మాయికి లెక్కలు చెప్తోంది, ఆపించాలా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది బోడుప్పల్. మా పాప ఎనిమిదో తరగతి, లెక్కల్లో ఎప్పుడూ క్లాస్ ఫస్టో సెకండో వస్తుంది. ఈ ఏడు కొత్తగా వచ్చిన మ్యాథ్స్ సార్ వారానికి మూడు రోజులు పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి ఒకరికొకరు చెప్పుకోమంటున్నాడట. మా పాప పక్కన లెక్కల్లో బాగా వీక్‌గా ఉన్న అమ్మాయిని కూర్చోబెట్టారు. రోజూ ఇంటికొచ్చి "మూడు సార్లు చెప్పినా దానికి అర్థం కావట్లేదమ్మా" అని విసుక్కుంటోంది. మేము అంత ఫీజు కట్టేది సార్ పాఠం చెప్తాడని గానీ మా పిల్ల ఇంకొకరికి ట్యూషన్ చెప్తుందని కాదు కదా. వచ్చే ఏడు ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దామనుకుంటున్నాం, ఇట్లా టైమ్ పోతే ఎలా? ప్రిన్సిపాల్‌కి కంప్లైంట్ ఇద్దామని మా వారు, వద్దని నేను. మీరేమంటారు?
ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. ముందు అడిగినదానికి సూటిగా చెప్తా, ప్రిన్సిపాల్ దగ్గరికి ఇప్పుడే వెళ్ళకండి, మీ వారిని కూడా కొంచెం ఆగమనండి. అలాగని మీ అనుమానం తప్పని నేననట్లేదు. పిల్లలతో పిల్లలకి చెప్పించడం బాగా చేస్తే ఎంత మంచిదో సరిగ్గా చెయ్యకపోతే అంత చెడ్డది, రెండూ నా క్లాసులోనే చూశాను, ఇరవై తొమ్మిదేళ్ళు ఈ సిటీలో లెక్కలు చెప్పాను. మీ సార్ చేస్తున్నది ఇందులో ఏదో నాకు ఇక్కడి నుంచి తెలీదు, కానీ మీరెలా కనిపెట్టొచ్చో చెప్పగలను.

మీ భయమల్లా ఏంటంటే మీ పాప ఇస్తోంది, అవతలి పిల్ల పుచ్చుకుంటోంది, మన దగ్గరున్నది కరిగిపోతోంది అని. డబ్బు విషయంలో అయితే అలాగే అవుతుంది, చదువు విషయంలో మాత్రం నేను చూసినంతవరకు వినేవాళ్ళకంటే చెప్పేవాళ్ళకే ఎక్కువ మిగులుతుంది. ఊరికే అంటే నమ్మరు కాబట్టి ఎనిమిదో తరగతి లెక్కతోనే చూపిస్తా.

ఈ క్లాసులో సమీకరణాలు వస్తాయి కదా, ఎక్స్ + 5 = 12 లాంటివి. మార్కులొచ్చే పిల్లల్ని ఎవర్నడిగినా ఠక్కున చెప్పేస్తారు, ఐదు అటు పోతే మైనస్ అవుతుంది, పన్నెండులోంచి ఐదు తీస్తే ఏడు, ఎక్స్ ఏడు, అయిపోయింది. పేపర్లో ఫుల్ మార్కులు. ఇప్పుడు లెక్కలు రాని ఆ పక్కమ్మాయి "ఎందుకే మైనస్ అయితది? ఈక్వల్ టు దాటంగనే గుర్తు ఎట్ల మారుతది?" అని అడిగిందనుకోండి. మీ పాప ఏం చెప్తుంది? చాలామంది టాపర్లు అక్కడ ఆగిపోతారు, "అది రూల్, అంతే" అంటారు, ఎందుకంటే వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు, వాళ్ళని ఎవరూ అడగలేదు, టీచర్లం మేమే "అటు వేస్తే మైనస్" అని చెప్పి ముందుకెళ్ళిపోయాం. అసలు ఐదు ఎక్కడికీ పోదమ్మా. పాత తక్కెడ గుర్తు చేసుకోండి, ఒక పళ్ళెంలో ఎంత బరువుందో తెలీని మూట, దాని పక్కన ఐదు కిలోల రాయి, రెండో పళ్ళెంలో పన్నెండు కిలోలు, ముల్లు నిలబడి ఉంది. ఇటు ఐదు కిలోల రాయి తీసేస్తే అటు నుంచి కూడా ఐదు కిలోలు తియ్యాలి, లేకపోతే ఒరిగిపోతుంది. రెండు వైపులా తీశాం, అదే మన కంటికి ఐదు అటు పోయి మైనస్ అయినట్టు కనపడుతోంది.

అక్కడితో అయిపోదు, తర్వాతి లెక్క 2ఎక్స్ = 10. ఆ అమ్మాయి నమ్మకంగా పదిలోంచి రెండు తీసేసి ఎనిమిది అని రాస్తుంది, నేను చెప్పిన ప్రతి బ్యాచ్‌లోనూ ఈ తప్పు చూశాను. మీ పాప "అట్ల కాదే, రెండు కిందికి పోతది" అంటుంది. "ఇందాక మైనస్ అన్నవ్, ఇప్పుడు కిందికంటున్నవ్, నాకేం సమజ్ అయితలేదు" అంటుంది అవతలి పిల్ల. చూడండి, ఆ అమ్మాయి మొద్దుగా ఉండి అడగట్లేదు, అసలైన ప్రశ్న అడుగుతోంది. ఒకే బరువున్న రెండు మూటలు కలిపి పది కిలోలైతే ఒక్కోటి ఎంత, సగం చెయ్యాలి కదా, కలిపినదాన్ని విప్పాలంటే తియ్యాలి, రెట్టింపు చేసినదాన్ని విప్పాలంటే భాగించాలి, ఈ సంగతి మీ పాపకి ఆ రోజు అర్థమైతే తొమ్మిదిలో, పదిలో, రేపు మీరనే ఫౌండేషన్‌లో ఎంత పెద్ద సమీకరణం వచ్చినా భయపడదు. ఆ ప్రశ్న అడిగే మనిషి పక్కన లేకపోతే మీ పాప "అటు పోతే మైనస్" అనుకుంటూనే ఇంటర్ దాకా వెళ్ళిపోతుంది, అలా వెళ్ళినవాళ్ళు అక్కడ ఒక్కసారిగా చతికిలపడటం కూడా నేను చూశాను.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2014లో ఒక పరిశోధన రాశారు. విద్యార్థులకి చదవమని ఒక పాఠం ఇచ్చి, కొందరికి దీనిమీద పరీక్ష ఉంటుందన్నారు, కొందరికి మీరు దీన్ని ఇంకొకరికి చెప్పాలన్నారు. చివరికి ఎవరితోనూ ఏమీ చెప్పించలేదు, అందరికీ పరీక్షే పెట్టారు. చెప్పాలి అనుకుని చదివినవాళ్ళకే పాఠం ఎక్కువ గుర్తుంది, ముఖ్యమైన విషయాలు కూడా వాళ్ళకే బాగా పట్టుబడ్డాయి. చెప్పాల్సొస్తుందన్న ఆలోచన ఒక్కటే చదివే పద్ధతిని మార్చేసింది, మరి నిజంగా చెప్తే ఇంకెంత ఉంటుందో ఆలోచించండి.

సరే, ఫీజు మాట. ఇది కూడా న్యాయమైన ప్రశ్నే, దీనికి పాత కథ ఒకటుంది, మన పక్కదే. మన వీధి బడుల్లో, అరుగుల మీది బడుల్లో ఎప్పటినుంచో పెద్ద పిల్లలు చిన్నపిల్లలకి ఇసకలో అక్షరాలు దిద్దించేవాళ్ళు, అయ్యవారు ఒక్కడే, పిల్లలు పాతికముప్పై మంది, మరి ఎలా కుదురుతుంది. 1789లో ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసు ఎగ్మూర్‌లో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి సూపరింటెండెంట్‌గా వచ్చాడు, ఇలాంటి బడిలో పిల్లలు ఇసకలో రాయడం చూసి తన దగ్గరా పెడదామనుకున్నాడు, అక్కడి టీచర్లు మొరాయిస్తే ఎనిమిదేళ్ళ పిల్లాడితోనే చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పించాడు. అది బాగా కుదిరింది. ఇంగ్లండ్ వెళ్ళి 1797లో దానిమీద పుస్తకం వేశాడు, దాన్ని మద్రాస్ పద్ధతి అనే పిలిచారు. 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లాలో బళ్ళ లెక్కలు తీసి పంపిన రిపోర్టులో, 533 బళ్ళున్నాయి అందులో, ఎక్కువగా తెలుగు బళ్ళూ కన్నడ బళ్ళే, అందులోనే ఆయన రాశాడు, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్తూ తమకొచ్చింది గట్టిపరుచుకునే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదని, ఇంగ్లండ్ దీన్ని అనుకరించడం సబబేనని. రెండొందల ఏళ్ళ కింద ఒక తెల్ల కలెక్టర్‌కి కనపడింది, చెప్పేవాడికే గట్టిపడుతుందన్న సంగతి.

కానీ ఇంగ్లండ్‌లో ఏమైందో కూడా వినండి, మీ ఫీజు ప్రశ్నకి జవాబు అక్కడుంది. లంకాస్టర్ అని ఇంకొకాయన ఉన్నాడు, బెల్, ఈయన, వీళ్ళిద్దరి బాటలో పెద్ద పెద్ద హాళ్ళు కట్టి ఒక్క టీచర్‌తో వందల మంది పిల్లల్ని నడిపించేశారు, పిల్ల మానిటర్లు బట్టీ పట్టించడం, మిగతా పిల్లలు అప్పజెప్పడం. ఖర్చు తగ్గుతుందని అందరూ ఎగబడ్డారు. కొన్నేళ్ళకే అది యంత్రంలా తయారైంది, పిల్లలకి వల్లె వెయ్యడం వచ్చింది, అర్థం కావడం రాలేదు, పందొమ్మిదో శతాబ్దం సగానికొచ్చేసరికి దాన్ని మెల్లగా వదిలేశారు. టీచర్‌కి బదులుగా పిల్లల్ని వాడుకుంటే ఇలాగే అవుతుందమ్మా, అప్పుడైనా ఇప్పుడైనా. మీ స్కూల్లో కూడా సార్ ఆ టైమ్‌లో కుర్చీలో కూర్చుని నోట్‌బుక్కులు కరెక్షన్ చేసుకుంటుంటే మీ వారి కోపం వందకి వంద పాళ్ళు కరెక్టు.

మరి సార్ ఏం చేస్తుండాలి? హార్వర్డ్ యూనివర్సిటీలో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉన్నాడు, తన పాఠాలు చాలా బాగుంటాయని విద్యార్థులు మెచ్చుకునేవాళ్ళు, పరీక్షల్లో కష్టమైన లెక్కలు కూడా చేసేవాళ్ళు. ఒకసారి ఆయన చాలా మామూలు ప్రశ్నలు ఇచ్చాడు, పెద్ద లారీ చిన్న కారుని గుద్దితే దేనిమీద ఎక్కువ బలం పడుతుంది లాంటివి. న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండిటి మీదా సమానమే, కారు తేలికది కాబట్టి దానికే దెబ్బ ఎక్కువ. ఆ నియమం నిద్రలో లేపినా చెప్పే పిల్లలు కూడా కారు మీదే ఎక్కువ బలం అని రాశారు. ఒకమ్మాయైతే "వీటికి మీరు చెప్పినట్టు రాయమంటారా, నేను నిజంగా అనుకున్నట్టు రాయమంటారా" అని అడిగిందట. ఆయన బోర్డు మీద ఎంత వివరించినా ఎక్కలేదు, చివరికి మీలో మీరు మాట్లాడుకోండి అన్నాడు, కాసేపటికి క్లాసులో చాలామందికి తెలిసిపోయింది. 1991 నుంచి ఆయన అలాగే చెప్పడం మొదలుపెట్టాడు. ముందు ప్రశ్న ఇస్తాడు, ఎవరికి వాళ్ళు నోరు మూసుకుని ఆలోచించి జవాబు ఎంచుకోవాలి, చేతులు గానీ కార్డులు గానీ ఎత్తాలి, తర్వాత వేరే జవాబు ఉన్నవాళ్ళతో మాట్లాడాలి, మళ్ళీ ఎత్తాలి, ఆ తర్వాత ఆయన వివరిస్తాడు. మొదటిసారే చాలా తక్కువమందికి వస్తే మాట్లాడుకోనివ్వడు, పాఠం మళ్ళీ చెప్తాడు, ఎందుకంటే గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపించలేడు. దాదాపు అందరికీ వస్తే ముందుకెళ్ళిపోతాడు. మధ్యలో ఉన్నప్పుడే మాటలు.

ఇందులో టీచర్ పని తగ్గిందా పెరిగిందా చెప్పండి? ప్రశ్న ఎంచడమే సగం పని. అంతా అయ్యేదాకా బెంచీల మధ్య తిరుగుతూ చెవి పెట్టి వినాలి, ఎవరు తప్పు చెప్తున్నారో పట్టుకోవాలి, చివర్లో అందర్నీ కలిపి సరిచెయ్యాలి. ఇంకో మాట, తోటి పిల్లలు చెప్తే ఎందుకు ఎక్కుతుందంటే నిన్నో మొన్నో తనకి అర్థం కానిచోటు చెప్పే పిల్లకి ఇంకా గుర్తుంటుంది, నాకైతే ఇరవై ఏళ్ళయింది, అక్కడ కష్టముందనే నాకు తోచదు. పైగా భాష. పుస్తకం ఇంగ్లీషులో, టీచర్ సగం ఇంగ్లీషు సగం పుస్తకం తెలుగు, పిల్లలేమో ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పుకుంటారు, "గిది గిట్ల అయితది సూడు" అంటే పట్టేసినట్టు నేను ఎంత చక్కగా చెప్పినా పట్టదు. ఇది ఒప్పుకోడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

ఇక నేను చేసిన తప్పు. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, నాకు తొమ్మిదో తరగతి ఇచ్చారు, 52 మంది. ఎనిమిది మంది లీడర్లని పెట్టాను, ఒక్కొక్కరికీ ఐదారుగురు. నాకు చాలా హాయిగా ఉండింది, క్లాసంతా పనిలో ఉన్నట్టు కనపడేది, హెచ్‌ఎం గారు వచ్చి చూసి మెచ్చుకున్నారు కూడా. నెల తర్వాత స్లిప్ టెస్ట్ పెడితే ఒక గ్రూపులో పిల్లలందరూ ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాశారు, మధ్యలో టూ ఏబీ లేదు, లీడర్‌తో సహా. ఆ అమ్మాయి తనకెలా తెలుసో అలాగే ఎంతో ఓపిగ్గా నేర్పింది, నేను ఆ నెలలో ఒక్కరోజు కూడా వాళ్ళ పక్కన నిలబడి వినలేదు. అంతకంటే బాధైనది ఇంకోటి. ఇంకో గ్రూపులో లీడర్ అబ్బాయి రానివాళ్ళని స్కేలుతో కొట్టేవాడు, ఒకమ్మాయి లెక్కల పీరియడ్ ఉన్న రోజుల్లో బడికే రావడం మానేసింది, కడుపునొప్పి అని చెప్పేదట ఇంట్లో. వాళ్ళమ్మ వచ్చి ఏడిస్తే గానీ నాకు తెలీలేదు. ఆ పిల్లాడి తప్పు కాదది, పద్నాలుగేళ్ళ పిల్లాడి చేతికి అధికారం ఇచ్చి ఎలా వాడాలో చెప్పకపోవడం నా తప్పు. ఇన్నేళ్ళయినా ఆ తల్లి మొహం నాకు గుర్తే.

అప్పటినుంచి లీడర్ అనే మాటే తీసేశాను. ఆ తర్వాత ఒక విషయం తట్టింది, మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే. చెప్పేవాళ్ళకే ఎక్కువ వస్తుందని తెలిశాక, ఎప్పుడూ వచ్చినవాళ్ళ చేతే చెప్పించడం అన్యాయం కదా? ఉన్నవాళ్ళకే ఇంకా పెడుతున్నట్టు. వెనక బెంచీ పిల్లకి కూడా చెప్పే వంతు రావాలి. నాకు ఏడో తరగతిలో ఒకమ్మాయి ఉండేది, సంవత్సరం మొత్తం మీద నోరు తెరిచి మాట్లాడింది లేదు. వాళ్ళమ్మ సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర రోడ్డు మీద కూరగాయలు అమ్మేది, సాయంత్రాలు ఈ పిల్లే బేరం చూసుకునేదని నాకు తర్వాత తెలిసింది. లాభనష్టాల పాఠం వచ్చింది. కిలో 30కి కొని 40కి అమ్మితే లాభం ఎంత శాతం అని అడిగితే క్లాసులో చాలామంది, బాగా చదివేవాళ్ళతో సహా, 25 అన్నారు, పదిని నలభైతో భాగించేసి. ఈ పిల్ల మెల్లగా "పెట్టింది ముప్పై కద మేడమ్, ముప్పై మీదనే లెక్క" అంది. నేను లేచి బోర్డు దగ్గరికి రమ్మన్నాను. పది రూపాయలు ముప్పైలో మూడో వంతు, వందకి 33 చిల్లర అని తన మాటల్లో చెప్పింది, ఆగకుండా ఇంకోటి కూడా చెప్పింది, కిలో నలభై అయితే పావుకిలో పదికివ్వరు, పన్నెండుకమ్ముతారు, చిల్లరగా పోతే లాభం ఎక్కువ అని. క్లాసంతా వింది. అదే నలభై పావుల్లో పోతే ఎంతవుతుంది, 48, లాభం 18, అంటే 60 శాతం, ఆ లెక్క ఆ రోజు పిల్లలే చేశారు. ఆ తర్వాత ఆ అమ్మాయి లెక్కల్లో ఫస్టేమీ రాలేదు గానీ, నోరు మాత్రం మళ్ళీ మూతపడలేదు.

అందుకే వంతులు రావాలంటున్నా. 1971లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ ఊళ్ళో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ మెక్సికన్ పిల్లల్నీ ఒకే క్లాసులో కలిపినప్పుడు రోజూ గొడవలు, ఎలియట్ అరాన్సన్ అనే సైకాలజిస్టు ఒక ఉపాయం చెప్పాడు. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్క ముక్కే ఇవ్వాలి, ఆ ముక్క ఇంకెవరి దగ్గరా ఉండదు, పరీక్ష మాత్రం మొత్తం మీద. ఇక వేరే దారి లేదు, ఎవరినైతే రోజూ ఎగతాళి చేస్తున్నారో ఆ పిల్లాడు చెప్పేది కూడా చెవులు రిక్కించి వినాల్సిందే. మన దగ్గర సోషల్ టీచర్లకి ఇది ఎంత బాగా కుదురుతుందో, మూసీ వరద పాఠమే తీసుకోండి. ఒకరికి 1908 సెప్టెంబర్ 28న వరదొచ్చి ఊరు కొట్టుకుపోయిన సంగతి, అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళ కథ, ఒకరికి విశ్వేశ్వరయ్య గారు వచ్చి ఇచ్చిన సలహా, ఒకరికి మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట చెరువు, ఒకరికి ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్, ఇంకొకరికి 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. ఒకే ముక్క వచ్చినవాళ్ళందరూ ముందు ఒకచోట కూర్చుని చదువుకుని, తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్ళు పోయి చెప్పాలి. ఒక్కరు సరిగ్గా చెప్పకపోతే మిగతా నలుగురికీ వరద ఎందుకు ఆగిందో తెలీదు. గండిపేట నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకి ఆ చెరువు ఎందుకు కట్టారో తోటిపిల్ల నోట వినడం వేరుగా ఉంటుంది.

ఇప్పుడు మీ పాప విసుగు సంగతి. దాన్ని కొట్టిపారెయ్యకండి, పన్నెండు పదమూడేళ్ళ పిల్ల, మూడు సార్లు చెప్పినా రాకపోతే విసుగు రాదా, మాకే వస్తుంది. కానీ ఒకటి అడగండి, చెప్తున్నప్పుడు పెన్సిల్ ఎవరి చేతిలో ఉంటోంది అని. నాకు దాదాపు ఖాయంగా తెలుసు, మీ పాప చేతిలోనే ఉంటుంది. తను గబగబా చేసి చూపిస్తుంది, "అర్థమైందా" అంటుంది, ఆ పిల్ల ఆఁ అంటుంది, తర్వాతి లెక్కలో మళ్ళీ మొదటికే. పెన్సిల్ రానిపిల్ల చేతిలోనే ఉండాలి, నా క్లాసులో ఇదొక్కటే గట్టి రూలు. చెప్పేపిల్ల చేతులు కట్టుకుని నోటితోనే చెప్పాలి, అదీ జవాబు చెప్పకూడదు, "నువ్వు ముందేం చేద్దామనుకుంటున్నావ్" అని అడగాలి, అడిగాక ఆగాలి, మనసులో పది లెక్కపెట్టుకునేంత సేపు. చివర్లో "అర్థమైందా" అనే మాటే అడగొద్దు, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అనాలి. ఇది నేర్పితే నాలుగు రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది, మూడు సార్లు చెప్పాల్సినచోట ఒకసారి సరిపోతుంది.

ఇంకోటి, ఆ అమ్మాయి పాసవ్వడం మీ పాప బాధ్యత కాదు. ఇది మాత్రం స్పష్టంగా ఉండాలి. ఆ పిల్లకి మార్కులు తగ్గితే మీ పాపని నిలదీసినా, జంట మార్కులని చెప్పి ఇద్దరికీ కలిపి వేసినా, స్లిప్ టెస్టులు దిద్దే పని మీ పాపకి అప్పగించినా, లంచ్‌లో కూడా చెప్పమన్నా, అది తప్పు, అప్పుడు మీరు అడగాలి, గట్టిగానే అడగాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా పిల్లలు ఒకరికొకరు నేర్పుకోవడం ఇద్దరికీ మంచిదంటూనే, అది ఇష్టంతో, సంతోషంగా, శిక్షణ ఉన్న టీచర్ల పర్యవేక్షణలో జరగాలంది. ఇష్టం, పర్యవేక్షణ, ఈ రెండూ లేకపోతే అది వెట్టిచాకిరీయే.

కాబట్టి పీటీఎం వచ్చినప్పుడు మీరిద్దరూ కలిసి వెళ్ళండి, సార్‌తోనే మాట్లాడండి, ప్రిన్సిపాల్‌తో కాదు. తప్పుపడుతున్నట్టు కాకుండా తెలుసుకోడానికి అడగండి, సార్, పిల్లలు మాట్లాడుకునేముందు ఎవరికి వాళ్ళు ఆలోచించుకోడానికి టైమ్ ఇస్తున్నారా, నలభై నిమిషాల పీరియడ్‌లో ఎంతసేపు ఇది, చివర్లో మీరు మళ్ళీ బోర్డు మీద చెప్తున్నారా, జంటలు ఎన్నాళ్ళకోసారి మారుస్తున్నారు. నేనైతే మూడు వారాలకోసారి మార్చేదాన్ని, అంతకంటే ఎక్కువైతే ఒకరు టీచరు ఒకరు మొద్దు అని ముద్ర పడిపోతుంది, ఇద్దరికీ మంచిది కాదది. పీరియడ్‌లో పది, పదిహేను నిమిషాలైతే సరిపోతుంది, పీరియడ్ మొత్తం అయితే ఎక్కువ. బాగా చేస్తున్న టీచరైతే ఈ ప్రశ్నలకి సంతోషపడతాడు, ఎందుకంటే ఎవరూ అడగరు ఇవి, మార్కులెన్ని అనే అడుగుతారు. నసిగితే, "పిల్లలు బిజీగా ఉంటారండీ" లాంటి జవాబు చెప్తే, అప్పుడు వెళ్ళండి ప్రిన్సిపాల్ దగ్గరికి, నేనే వెళ్ళమంటాను. మీ పాప కంటే లెక్కల్లో ముందున్న పిల్ల పక్కన కూడా కొన్నాళ్ళు కూర్చోబెట్టమని అడగండి, అది మీ హక్కు, తను కూడా అడిగే చోట ఉండాలి కదా.

ఇంట్లో మీరు చెయ్యగలిగింది ఒకటుంది. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు మీ పాప ముందు మీరు కూర్చోండి, ఆ రోజు లెక్క మీకు చెప్పమనండి. మీకు లెక్కలు రాకపోతే ఇంకా మంచిది. పెన్సిల్ మీరు పట్టుకోండి. ఎందుకు, ఎందుకు అని అడుగుతూ ఉండండి, తప్పు చెప్తోందనిపించినా సరిదిద్దకండి, తనే ఎక్కడో ఆగుతుంది, అక్కడ తనకీ రాలేదన్నమాట, అది మర్నాడు సార్‌ని అడుగుతుంది. ఆ 2ఎక్స్ = 10 లో రెండు ఎందుకు మైనస్ కాదో ఈ రాత్రే అడిగి చూడండి. వాళ్ళ నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టండి.

సార్‌తో మాట్లాడాక నాకు మళ్ళీ రాయండి. ఆ పక్కమ్మాయి ఎప్పుడైనా మీ పాపకి ఏదన్నా చెప్పిందా, చెప్తే ఏం చెప్పింది, అది కూడా కనుక్కుని రాయండి.